ఎలుగుబంటి నేడు రాలేదు

ప్రభుత్వం నన్ను మంచు నిపుణుడిగా గుర్తించడానికి కారణం ఒక ఫొటో. పెళ్లయిన కొత్తలో మా ఆవిడా నేనూ సిమ్లా వెళ్లాం. అక్కడ అద్దెకిచ్చే బొచ్చు కోట్లు తగిలించుకుని, చలికి వణుకుతూ దిగిన ఫొటో ఇరవై ఆరేళ్లుగా మా షోకేసులో ఉంది. శీతాకాల క్రీడల శాఖ వాళ్లు 'మంచును ప్రత్యక్షముగా చూచిన ఉద్యోగుల వివరములు' అని ఒక నమూనా పంపితే, మా హెడ్మాస్టరు గారు ఆ ఫొటో గుర్తు తెచ్చుకుని నా పేరు రాసి పంపేశారు. జిల్లా మొత్తం మీద ఆ నమూనాలో చేరిన పేరు నాదొక్కటే. వారం తిరక్కుండా నన్ను స్కీయింగ్ శిక్షకుడిగా డెప్యుటేషన్ వేశారు. అప్పటిదాకా నేను ఉప్పుగరువు హైస్కూల్లో పిల్లల చేత కబడ్డీ ఆడించుకుంటూ బతుకుతున్న డ్రిల్లు మాస్టర్ని. పేరు పెన్మత్స సూరపరాజు.

క్రాస్ కంట్రీ స్కీయింగ్ అంటే తెలియని వాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. కాళ్లకు రెండు పొడుగాటి బద్దలు కట్టుకుని, చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, మంచు మీద మైళ్లకు మైళ్లు పోవాలి. కొండ మీంచి కిందకి జారిపోవడం కాదు, అది వేరే ఆట. ఇందులో ఎత్తయినా పల్లమైనా ఒళ్లొంచి తోసుకుంటూ పోవాల్సిందే. మంచు లేని నెలల్లో ఆటగాళ్లు బద్దలకు చక్రాలు తగిలించుకుని తారు రోడ్డు మీద సాధన చేస్తారు. దాన్ని ఆఫ్ సీజన్ శిక్షణ అంటారు. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. చలి దేశాల వాళ్లందరూ చేసేదే.

ఉప్పుగరువు మాత్రం సముద్రం ఒడ్డున ఉంది. మాకు రొయ్యల చెరువులున్నాయి, ఉప్పు మళ్లున్నాయి, మూడు ఐసు ఫ్యాక్టరీలున్నాయి. డిసెంబరులో కూడా ఫ్యాన్ లేకపోతే కన్ను మూతపడదు. అయినా శిబిరం మా ఊరికే వచ్చిందంటే అది లంకే నూకరత్నం వల్ల.

నూకరత్నానికి పంతొమ్మిదేళ్లు. తల్లి చంటమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది. కూతురు చిన్నప్పటి నుంచీ చెరువుల్లో మేత చల్లే తెప్ప నడిపింది. గెడ నీళ్ల అడుగున గుచ్చడం, ఒళ్లంతా దాని మీద వేసి తెప్పని ముందుకు తొయ్యడం, మళ్లీ గెడ పైకి లాగడం. రోజుకి నాలుగుసార్లు ఇదే పని. కాలేజీలో ఎన్‌సీసీ వాళ్లు హిమాలయాలకు తీసుకెళ్లి, కాళ్లకు బద్దలు కట్టి, చేతికి కర్రలిచ్చి పొమ్మంటే ఆ పిల్ల అక్కడా అదే పని చేసింది. ఒక గెడకు రెండు గెడలయ్యాయి, నీళ్లకు బదులు మంచయింది. ఏడాది తిరిగేసరికి జూనియర్లలో దేశం మొత్తం మీద మూడో స్థానం తెచ్చుకుంది.

పేపర్లో ఫొటో పడగానే శాఖకు ఉత్సాహం వచ్చింది. ఉప్పుగరువులో రాష్ట్రస్థాయి ఆఫ్ సీజన్ స్కీయింగ్ శిక్షణ శిబిరం పెట్టాలని నిర్ణయించారు. ఆర్డరు రాయాల్సిన గుమాస్తాకి పాపం మంచు గురించి ఏం తెలుస్తుంది? ఉత్తరాదిన ఎక్కడో కొండ ప్రాంతం వాళ్లు జారీ చేసిన ఆర్డరు తెప్పించుకున్నాడు. వాళ్ల ఊరి పేరున్న చోట మా ఊరి పేరు పెట్టి, మిగతాదంతా పొల్లు పోకుండా తెలుగులోకి దించేశాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. సొంతంగా ఒక్క వాక్యం రాసి, రేపు దానికి ఎవరైనా సంజాయిషీ అడిగితే ఆయన ఎక్కడికి పోతాడు?

సెప్టెంబరు పన్నెండో తేదీన శిబిరం మొదలైంది. జిల్లా శీతాకాల క్రీడల అధికారి తటవర్తి విశ్వపతి గారు జ్యోతి వెలిగించారు. ఆయన అంతకు ముందు ఉద్యానవన శాఖలో ఉండేవారు. మాట్లాడితే ఆర్డరు చదివినట్టే ఉంటుంది.

"ఇది చారిత్రాత్మక ఘట్టం. నిబంధనలే మనకు మంచు, క్రమశిక్షణే మనకు కొండ. ఈ ఉత్తర్వులోని పదిహేను క్లాజులూ తూచా తప్పకుండా అమలు జరగవలెనని శిక్షకుల వారికి ఇందుమూలముగా తెలియజేయుచున్నాను," అన్నారు.

మూడో క్లాజు ప్రకారం శిబిరంలో తక్కువలో తక్కువ ఇరవై నలుగురు స్కీయింగ్ క్రీడాకారులుండాలి. మాకున్నది నూకరత్నం ఒక్కతే. మిగతా ఇరవై మూడు మందినీ కాలేజీ హాస్టళ్ల నుంచి తోలుకొచ్చారు. అందరూ కబడ్డీ ఆడేవాళ్లే. ఐదో క్లాజు ప్రకారం క్రీడాకారులు తెల్లవారుజామున ఉన్ని టోపీలు, చేతి తొడుగులు ధరించి, ఒళ్లు వెచ్చబడే వరకు నెగడు చుట్టూ కూర్చోవాలి. కూర్చున్నారు. నెగడు వెయ్యకముందే మా అందరికీ చెమటలు ధారగా కారుతున్నాయి. మూడో రోజున ఇద్దరు కళ్లు తిరిగి పడిపోయారు. ఆరోగ్య రిజిస్టర్లో చలికి తప్ప వేరే కారణానికి గడి లేదు. అందుకని 'చలికి స్పృహ తప్పినవారు: ఇద్దరు' అని రాసి సంతకం పెట్టాను. వెంటనే పైనుంచి ఇంకో ఇరవై నాలుగు కంబళ్లు వచ్చాయి.

పదకొండో క్లాజు ఎలుగుబంటి కాపలా గురించి. శిబిర పరిసరాల్లో ఎలుగుబంట్ల సంచారాన్ని కనిపెట్టడానికి అనుభవం గల కాపలాదారుణ్ని నియమించాలి. మా జిల్లాలో ఎలుగుబంటి సర్కసులో తప్ప కనబడదు కాబట్టి శ్రీకాకుళం వైపు నుంచి బమ్మిడి దాలినాయుడు అనే ఆయన్ని డెప్యుటేషన్ మీద తెచ్చారు. జీడితోటల్లో నిజంగానే ఎలుగుబంట్లను తరిమిన మనిషి. చేతిలో టార్చిలైటు, మెడలో విజిలు, చంకలో ఒక పుస్తకంతో దిగాడు.

వచ్చిన రోజే చెరువు గట్లన్నీ కలయతిరిగి వచ్చి నన్ను అడిగాడు. "మాస్టారూ, ఇక్కడ ఎలుగు ఏటి తింటాది? జీడిమామిడి నేదు, పనస నేదు. రొయ్యలు తింటాదేటి?"

"తినదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. పుస్తకంలో మాత్రం రోజూ రాయాలి," అన్నాను.

రాసేవాడు. రోజూ ఉదయం ఎనిమిదింటికి గుండ్రటి అక్షరాలతో ఒకే వాక్యం: 'ఎలుగుబంటి నేడు రాలేదు.' పక్కన తన సంతకం, దాని కింద సాక్షిగా నా సంతకం. మా శిబిరంలో అక్షరం అబద్ధం లేని రిజిస్టరు అదొక్కటే.

ఈ తతంగమంతా ఒక పక్కన జరుగుతుండగా, రెండో పక్కన నూకరత్నం తన పని తాను చేసుకుపోయేది. ఎన్‌సీసీ ఆఫీసరు గారిచ్చిన పాత చక్రాల స్కీలు ఒక జత ఆ పిల్ల దగ్గరుండేవి. నెగడు హాజరు అయిపోగానే టోపీ తీసి నా చేతిలో పెట్టి బైపాస్ రోడ్డెక్కేది. నాకు స్కీయింగ్ రాదు. వచ్చినట్టు నటించడానికి ఆ పిల్ల ముందు సిగ్గనిపించింది. అందుకని సైకిలు మీద వెనకాల వెళ్లి టైము చూసేవాణ్ని. గేదెలు అడ్డమొచ్చినా, లారీలు దుమ్ము కొట్టినా కర్రలు రెండూ ఒకేసారి రోడ్డు మీద పడి, ఒకేసారి లేచేవి. పది కిలోమీటర్లకి సెప్టెంబరులో పట్టిన టైము నవంబరుకి మూడు నిమిషాలు తగ్గింది. మిగతా ఇరవై ముగ్గురూ వెదురు కర్రలు పట్టుకుని వెనకాల ఉత్త కాళ్లతో పరిగెత్తేవారు. నా ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక ఆట నిజంగా ఎదగడం నేను చూసింది అప్పుడే. ఆ పిల్లని చూస్తే గర్వంగా ఉండేది. దానికి రిజిస్టర్లో గడి లేదు.

డిసెంబరు పదో తేదీన జాతీయ సమాఖ్య నుంచి ఉత్తరం వచ్చింది. జనవరి పన్నెండున హిమాలయాల్లో జూనియర్ల ఎంపిక పోటీలు, మొదటి ఇద్దరికీ జాతీయ జట్టులో చోటు. జట్టులోకి వస్తే ఉద్యోగం ఇస్తామని సరిహద్దు బలగం వాళ్లు ముందే మాటిచ్చి ఉన్నారు. జూనియర్ల వయసు నూకరత్నానికి ఆ మార్చితో దాటిపోతుంది. అంటే వెళ్తే ఇప్పుడు వెళ్లాలి, లేకపోతే తల్లి వెనకాల రొయ్యల షెడ్డుకి పోవాలి. చంటమ్మ చేతులు నేను చూశాను. పాతికేళ్లుగా ఐసులో నానీ నానీ వేళ్లు వంకర్లు పోయాయి.

ఉత్తరం పట్టుకుని విశ్వపతి గారి దగ్గరికి వెళ్లాం. ఆయన కుర్చీలోంచి లేచి నూకరత్నానికి శాలువా కప్పారు. శాలువా ఆయన బీరువాలో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

"అయితే సార్, ఈ అమ్మాయికి రిలీవింగ్ ఆర్డరు ఇప్పిస్తే..." అన్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఏడో క్లాజు తీశారు. "శిబిరము నెలకొన్న ప్రాంతములో సీజన్ ప్రారంభమైనట్లు ధ్రువీకరణ అందువరకు సదరు శిబిరము కొనసాగవలెను. అంతవరకు ఏ క్రీడాకారునీ విడుదల చేయరాదు," అని చదివి, "సీజన్ అంటే ఏమిటి?" అని నన్నడిగారు.

"మంచు పడ్డమండి."

"ఉప్పుగరువులో మంచు పడిందా?"

"ఉప్పుగరువులో మంచు ఎలా పడుతుందండీ?"

"పడలేదు. కాబట్టి సీజన్ ప్రారంభం కాలేదు. సీజన్ ప్రారంభం కాకుండా సీజన్ పోటీలకు పంపుట క్రీడాకారిణి ఆరోగ్యానికే హానికరం."

నూకరత్నం మెల్లిగా అంది. "అక్కడ పడిందండి. నడుం లోతు పడిందని ఫోన్ చేశారండి."

"అక్కడి మంచు అక్కడి ఆఫీసు పరిధిలోది తల్లీ," అన్నారు విశ్వపతి గారు. మనిషి చెడ్డవాడేం కాదు. టీ కూడా ఇప్పించారు.

సెలవు పెడదామంటే పెళ్లికీ చావుకీ తప్ప సెలవు లేదు, అదీ రెండు రోజులే. చెప్పకుండా వెళ్లిపోతే 'శిబిర పరిత్యాగి' అని పేరు రాసి ఐదేళ్లు ఏ పోటీకీ పనికిరాకుండా చేస్తారు. క్లాజు మార్చమని పైకి రాస్తే, మార్పులు తదుపరి సీజన్ ప్రారంభమైన పిమ్మట పరిశీలించబడునని జవాబొచ్చింది. మాకిక మిగిలిన దారి ఒక్కటే. ఉప్పుగరువులో మంచు పడాలి.

మంచు పడిందని ఎవరు చెప్పాలో కనుక్కుంటూ మండలాఫీసు దాకా వెళ్లాను. అక్కడ గణాంకాధికారి బొంతు ప్రభుదాసు గారు ఉన్నారు. డాబా మీద వర్షం కొలిచే డబ్బా ఆయన అధీనంలో ఉంటుంది. రోజూ ఉదయం వాన లెక్క రాసి పంపుతారు. ఆ నమూనాలో నాలుగో గడి 'హిమపాతము, అంగుళములలో' అని ఉంది.

"పంతొమ్మిదేళ్లుగా ఇందులో అడ్డగీత పెడుతున్నానండి," అన్నారాయన. "సున్నా వేస్తే కొలిచినట్టు లెక్క. కొలిచానని ఎవడు నమ్ముతాడు? అడ్డగీతయితే పేచీ లేదు."

"ఈసారి అంకె వెయ్యాలంటే ఏం కావాలండీ?"

ఆయన చట్టం బాగా తెలిసిన మనిషి. బయలు నేల మీద మూడంగుళాల మంచు ఉండాలనీ, దాన్ని ముగ్గురు గెజిటెడ్ అధికారులు కళ్లారా చూసి సంతకాలు పెట్టాలనీ చెప్పారు. మంచు ఎక్కడి నుంచి పడాలన్న సంగతి మాత్రం ఏ నిబంధనలోనూ లేదట.

ఈ మాట విని చంటమ్మ నన్ను చూసి నవ్వింది. "దానికింత గింజుకుంటారేటండీ మేస్టారూ? మా షెడ్డులో రోజూ మోకాటి లోతు ఐసులోనే కదండీ నేను నిలబడేది. రొయ్యల మీద పోసేది గ్రౌండు మీద పోస్తే సరి."

సగం చెరువులు ఎండగట్టిన రోజులు కావడంతో ఐసు ఫ్యాక్టరీ వాళ్లకు పెద్దగా పని లేదు. మా ఊరి పిల్ల కోసం కదా అని సరదాగా ఒప్పుకున్నారు. జనవరి ఐదో తేదీ ఉదయం ఆరింటికల్లా ఆరు ట్రాక్టర్ల ఐసు పొడి కొట్టించి హైస్కూలు గ్రౌండులో పరిచేశాం. నేను స్కేలు పెట్టి చూశాను. ఎక్కడ గుచ్చినా నాలుగంగుళాలకు తగ్గలేదు. నూకరత్నం దాని మీద చెప్పుల్లేకుండా అటూ ఇటూ నడిచింది.

అధికారులు ఏడింటికి రావాలి. తహసీల్దారు గారు, పశువైద్యాధికారి గారు, విశ్వపతి గారు. ముగ్గురూ ట్రావెలర్స్ బంగళాలో కలుసుకున్నారు. పెసరట్టు ఆలస్యమైంది. పెసరట్టు వచ్చాక అల్లం చట్నీ ఆలస్యమైంది. అంతలో ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం ఉందని, మంచి పనికి బయలుదేరడం బాగుండదని పశువైద్యాధికారి గారు గుర్తు చేశారు. వాళ్లు వచ్చేసరికి తొమ్మిదింబావు. గ్రౌండంతా బురద. కబడ్డీ కోర్టులో రెండు కప్పలు గెంతుతున్నాయి.

ప్రభుదాసు గారు మాత్రం తొణక్కుండా గోడ నీడన ఆఖరి ట్రాక్టరు దించిన కుప్ప దగ్గరికి వెళ్లి స్కేలు గుచ్చారు. "మూడుంబావు అంగుళాలండి. ఏ చోట కొలవాలన్నది పరిశీలకుని విచక్షణండి," అన్నారు.

తహసీల్దారు గారు వంగి చూశారు. "ఇదేమిటండీ, మంచులో రొయ్యలున్నాయి?"

ముగ్గురూ చర్చించుకుని ధ్రువపత్రంలో ఒక వాక్యం చేర్చారు: 'మంచునందు రెండు రొయ్యలు కానవచ్చినవి. ఇది తీర ప్రాంత హిమపాతము యొక్క ప్రత్యేక లక్షణముగా భావించవచ్చును.' సంతకాలు పడ్డాయి. ముద్రలు పడ్డాయి. పంతొమ్మిదేళ్ల అడ్డగీతల కింద ప్రభుదాసు గారు మొదటిసారి అంకె వేసి, ఒక క్షణం దానికేసి చూసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే నూకరత్నం సంచి సర్దుకుంది. ఎనిమిదో తేదీ మధ్యాహ్నం రైలు. ఆ రైలు తప్పితే పన్నెండుకి అందుకోవడం కల్ల.

మర్నాడు పొద్దున్న లేచేసరికి జిల్లా అంతా గొడవగొడవగా ఉంది. మంచు కురిసింది కాబట్టి కలెక్టరాఫీసు వాళ్లు బడులకు రెండు రోజులు సెలవిచ్చారు. రెవెన్యూ వాళ్లు మంచు బాధితుల గుర్తింపు మొదలుపెట్టారు. వ్యవసాయ శాఖ వారు కొబ్బరి తోటల్లో ఆపిల్ సాగుకు గల అవకాశాలు పరిశీలించడానికి బృందాన్ని పంపారు. శిబిరంలో పిల్లలంతా సీజన్ వచ్చిందని కంబళ్లు విసిరికొట్టి గెంతుతున్నారు. నేనూ నూకరత్నమూ విశ్వపతి గారి ఆఫీసుకి వెళ్లాం.

ఆయన ముఖం వెలిగిపోతోంది. "రండి రండి. సీజన్ ప్రారంభమైంది. ఏడో క్లాజు తీరిపోయింది. ఇక ఎనిమిదో క్లాజు అమల్లోకి వచ్చింది."

"అదేం క్లాజండీ?"

"స్థానికముగా మంచు లభ్యమగుచున్నప్పుడు క్రీడాకారులను ఇతర ప్రాంతములకు పంపరాదు. స్థానిక మంచునే పూర్తిగా వినియోగించుకొనవలెను." కాగితం మడిచి నూకరత్నం వైపు తృప్తిగా చూశారు. "అంత దూరం పోయే శ్రమ నీకు తప్పిందమ్మా. ఎంపిక పోటీలే ఉప్పుగరువులో పెట్టమని సమాఖ్య వారికి లేఖ రాశాను. మన గ్రౌండుకన్నా వాళ్లకేం కావాలి?"

"గ్రౌండులో ఇప్పుడు బురద తప్ప ఏం లేదండి," అన్నాను.

"ధ్రువపత్రంలో మూడుంబావు అంగుళాలుంది సూరపరాజు గారూ. దాన్ని ఖండిస్తూ ఇంకో ధ్రువపత్రం వచ్చేదాకా అది అక్కడ ఉన్నట్టే."

నూకరత్నం అప్పటిదాకా ఎవరి ముందూ గొంతెత్తని పిల్ల. బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. "మంచు లేదు కాబట్టి ఎల్లకూడదన్నారండి. ఇప్పుడు మంచుంది కాబట్టి ఎల్లక్కర్లేదంటున్నారండి. మరి నేనెప్పుడెల్లాలో చెప్పండి. అదొక్కటి చెప్పండి."

విశ్వపతి గారు నిజాయితీగానే ఆర్డరు తిరగేసి చూశారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూశారు. "దాని ప్రస్తావన లేదమ్మా," అన్నారు.

బయటికొచ్చాక ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండిందో తేల్చుకుందామంటే, కళ్ల ముందున్న వాళ్లలో ఒక్కడూ చెడ్డవాడు కాదు. నెగడు దగ్గర కూర్చోబెట్టి, స్పృహ తప్పితే చలి అని రాసిన చెయ్యి నాది. నా మీద నాకే ఎక్కువ మండింది.

ఎనిమిదో తేదీ ఉదయం దాలినాయుడు పుస్తకం పట్టుకుని వచ్చాడు. రోజులా తెరిచి ఇవ్వలేదు. "మాస్టారూ, ఆ పద్నాలుగో క్లాజు ఓపాలి సదవండి బాబూ. నాకు ఆర్డరిచ్చినప్పుడు గుమస్తా సదివినాడు. సరీగా ఇన్నానో నేదో."

తీసి చదివాను. 'ఎలుగుబంటి వలన గాని, మంచు చరియల వలన గాని కోల్పోయిన క్రీడాకారుల పేర్లు అదే దినము హాజరు పట్టీ నుండి తొలగించవలెను. అట్టి వారి విషయములో విడుదల ఉత్తర్వు అవసరము లేదు.'

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"నూట పద్దెనిమిది రోజులు ఉన్నదే రాసినాను," అన్నాడు దాలినాయుడు. "నేని ఎలుగుని నేదని రాస్తే ఎవుడూ పట్టించుకోనేదు. వొచ్చినాదని రాస్తే ఏటవుతాదో సూద్దారి."

కూర్చుని, నాలుక బయటపెట్టి, ఎప్పటికంటే గుండ్రంగా రాశాడు: 'ఎలుగుబంటి నేడు వచ్చినది. లంకే నూకరత్నం అను క్రీడాకారిణిని ఉత్తర దిశగా తీసుకుపోయినది.' సంతకం పెట్టి పెన్ను నాకిచ్చాడు. సర్వీసులో ఇంకా మూడేళ్లున్నవాణ్ని. అయినా సంతకం పెట్టాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి స్టేషన్లో చంటమ్మ కూతురికి స్కీ కర్రలు పాత వలగుడ్డలో చుట్టి ఇచ్చింది. "గెడ లోతుగా గుచ్చు," అన్నాను. నూకరత్నం కిటికీలోంచి నా చేతులు రెండూ పట్టుకుంది. రైలు కదిలిపోయింది.

సాయంత్రం పుస్తకం చూసిన విశ్వపతి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నేను భయపడుతూ ఆయన ముఖంలోకి చూశాను.

"చూశారా! పదకొండో క్లాజు ఎందుకండీ అని నన్ను చూసి ఎందరు నవ్వారు! ఎంత ముందుచూపుతో పెట్టారో చూశారా!" అన్నారు. ఆ పూటే ఇంకో ఇద్దరు కాపలాదారులు కావాలని పైకి రాశారు. పోయిన పిల్ల గురించి తల్లికి కబురు చేశారా అని అడగలేదు. శవం దొరికిందా అని అడగలేదు. క్లాజులో ఆ రెండూ లేవు.

పద్నాలుగో తేదీన నాకు ఫోనొచ్చింది. అవతల గాలి హోరు. "మేస్టారూ, రెండోదాన్నండి! జట్టులోకొచ్చానండి!" నేను స్టాఫు రూములో అందరి ముందూ ఏడ్చేశాను. మా హెడ్మాస్టరు గారు, ఎవరికో ఏదో అయిందనుకుని మంచినీళ్లు తెప్పించారు.

సమాఖ్య వాళ్లు మా శాఖకి అభినందనలు పంపారు. విశ్వపతి గారు జవాబు రాశారు. సదరు పేరు గల క్రీడాకారిణి ఎనిమిదవ తేదీన ఎలుగుబంటి వలన కోల్పోబడినదనీ, తమ పోటీలలో పాల్గొన్న వ్యక్తితో ఈ శాఖకు ఎట్టి సంబంధమూ లేదనీ. దాంతో నూకరత్నం పేరు పక్కన మన రాష్ట్రం పేరు కొట్టేసి, ఉద్యోగమిచ్చిన బలగం పేరు రాసుకున్నారు. ఆ రెండో స్థానం ఇప్పుడు వాళ్లది.

మా శిబిరానికి మాత్రం ఉత్తమ ఆఫ్ సీజన్ శిబిరంగా పురస్కారం వచ్చింది. ఆ సందర్భంగా ఫిబ్రవరి చివర్లో హైస్కూలు గ్రౌండులో సభ పెట్టారు. వేదిక మీద నూకరత్నం ఫొటో పెద్దది చేయించి, దండ వేసి, దీపం పెట్టారు. ఆ వారమే నూకరత్నం రెండు రోజుల సెలవు మీద ఊరొచ్చింది. బలగం వాళ్లిచ్చిన నీలం ట్రాక్ సూటు వేసుకుని, రెండో వరసలో తల్లి పక్కన కూర్చుంది. చంటమ్మ ఆ రోజు షెడ్డుకి పోలేదు. ఇక ముందు పోనవసరం లేదని కూతురు చెప్పిందట.

విశ్వపతి గారు మైకు అందుకున్నారు. "ఎలుగుబంటి వాతపడి అమరత్వం పొందిన మన క్రీడారత్నానికి నివాళిగా అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరుచున్నాను."

అందరూ లేచారు. ఊరందరికీ ఆ పిల్ల తెలుసు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే శిబిరం పొడిగిస్తారేమోనని భయం. అందరితో పాటు నూకరత్నం కూడా లేచి, చేతులు కట్టుకుని, తల వంచి తన కోసం తాను రెండు నిమిషాలు నిలబడింది.

మౌనం అయ్యాక తల్లిని వేదిక మీదకి పిలిచారు. చంటమ్మ గబగబా వెళ్లి, శాలువా కప్పించుకోకుండా ఫొటోకున్న దండ తీసేసింది. "నా పిల్ల అదుగో కూకుంది. బతికున్నదానికి ఏస్తే ఏట్రా మీకు?" అని కిందకొచ్చి కూతురి మెడలో వేసింది.

విశ్వపతి గారు కంగారుపడి నా చెవిలో అన్నారు. "ఆ దండ మృతుల కోటాలో మంజూరైందండీ. సాయంత్రం లోగా తిరిగి ఫొటోకి వేయించండి."

నూకరత్నం మర్నాడు ఉద్యోగానికి వెళ్లిపోయింది. శిబిరం మాత్రం నడుస్తూనే ఉంది. సీజన్ ముగిసినట్లు ధ్రువీకరించాలంటే మంచు కరిగినట్లు ధ్రువపత్రం కావాలి. పడని మంచు కరిగిందని సంతకం పెట్టడానికి ఏ గెజిటెడ్ అధికారీ ఒప్పుకోవడం లేదు. నా రిలీవింగ్ ఆర్డరు దాంతో ముడిపడి ఉంది.

నిన్న ఉదయం దాలినాయుడు పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. సంతకం పెడుతూ, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, మెల్లిగా అడిగాను. "దాలినాయుడూ, ఈసారి ఎలుగుబంటి వస్తే నా పేరు కూడా కాస్త చూడవయ్యా."

అతను జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి విప్పాడు. "పిల్లలు ఇరవై ముగ్గురూ ముందే పేర్లిచ్చేసినారు బాబూ. మొన్న ఇస్సపతి బాబు కూడా ఇచ్చినారు. తమరిది ఇరవై అయిదు."